త్ర్యంబక మంత్రం: "మామృతాత్" ఎలా విడగొట్టాలి? ఉర్వారుకం అంటే ఏ కాయ?

#1 · పల్నాటిపాఠకుడు

మహామృత్యుంజయ మంత్రానికి వాట్సాప్‌లో ఒక అర్థం తిరుగుతోంది. ఉర్వా = విశాలమైన, ఆరుకం = రోగం, మామృతాత్ = నాకు అమృతం ఇవ్వు అని. అంగట్లో దొరికే రుద్రాభిషేకం పుస్తకాల్లో ఉర్వారుకానికి దోసపండు అని ఉంటుంది గానీ, మామృతాత్ దగ్గరికి వచ్చేసరికి "అమృతత్వం కొరకు" అని దాటేస్తారు. తెలిసినవాళ్ళు చెప్పండి:

ఒకటి, ఉర్వారుకం ఒక పదమా, రెండా?
రెండు, మామృతాత్‌లో ఉన్న "మా" ఎవరు? "నాకు" అనా, "వద్దు" అనా?
మూడు, చదివేటప్పుడు ఎక్కడ ఆపాలి? బంధనాత్ దగ్గర ఆపేవాళ్ళూ ఉన్నారు, ఆపనివాళ్ళూ ఉన్నారు.

#2 · తైత్తిరీయం

మొదటిదానికి స్వరమే జవాబు. ఉర్వారుకం అన్న పదంలో ఉదాత్తం (స్వరం పైకి లేచే అక్షరం) ఒక్కచోటే ఉంది, చివరి "క" మీద. దాని ముందున్న ఉ, ర్వా, రు మూడూ అనుదాత్తాలు, కింది స్వరంలో పలికేవి. అందుకే స్వరం వేసిన పుస్తకంలో ఆ మూడక్షరాల కిందా వరసగా అడ్డగీతలు కనబడతాయి. ఉర్వా వేరు, ఆరుకం వేరు అయితే దేని ఉదాత్తం దానికి ఉండాలి, లేదు. పైగా "ఆరుకం = రోగం" అన్న అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. ఆ సందేశం రాసినవాళ్ళు "రుజ"తో ముడిపెట్టి అల్లినట్టుంది. పక్కన పెట్టేయండి.

పదవిభాగం ఇది:

త్ర్యంబకమ్ | యజామహే | సుగంధిమ్ | పుష్టివర్ధనమ్ | ఉర్వారుకమ్ | ఇవ | బంధనాత్ | మృత్యోః | ముక్షీయ | మా | అమృతాత్

త్ర్యంబకుణ్ణి, సుగంధి అయినవాణ్ణి, పుష్టిని పెంచేవాణ్ణి యజిస్తున్నాం. దోసపండు తొడిమ నుంచి విడివడినట్టు మృత్యువు నుంచి నేను విడివడుదును గాక, అమృతం నుంచి మాత్రం కాదు.

ఇక్కడ ఒక చిత్రముంది. ఋగ్వేదంలో ఇది 7.59.12. ఆ సూక్తమంతా మరుత్తులది, ఈ చివరి ఋక్కు ఒక్కటే రుద్రుడిది. శాకల్యుడనే ప్రాచీన పండితుడు ఋగ్వేదం మొత్తానికి పదపాఠం (మంత్రాన్ని విడి పదాలుగా చూపే పాఠం) చేసి ఆరు ఋక్కులను మాత్రం వదిలేశాడు. అఘమర్షణ సూక్తం మూడు ఋక్కులు, 10.20.1, 10.121.10, ఆరోది ఇది. కాబట్టి ఋగ్వేద పదపాఠంలో "మా" ఎలా విరిగిందో చూద్దామంటే అక్కడ ఏమీ ఉండదు. మన తెలుగు వైదికుల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం కనక బెంగ లేదు. ఆ వేదపు తైత్తిరీయ సంహిత 1.8.6లో ఇదే మంత్రముంది, అక్కడి పదపాఠం "మా, అమృతాత్" అనే విడగొడుతుంది.

#3 · వ్యాకరణంవీధి

విభక్తి చూస్తే సగం గొడవ తీరిపోతుంది. అమృతాత్ పంచమి, "అమృతం నుంచి". "నాకు అమృతం ఇవ్వు" కావాలంటే అమృతం ద్వితీయలో ఉండాలి, "నాకు" అనడానికి "మే" రావాలి, ఇవ్వు అనే క్రియ కూడా ఉండాలి. మూడింటిలో ఒక్కటీ లేదు. "అమృతత్వం కొరకు" అంటే చతుర్థి కావాలి, అదీ లేదు.

ముక్షీయ అనేది ముచ్ ధాతువు, ఆశీర్లిఙ్ (ఆశీస్సును చెప్పే క్రియారూపం), ఆత్మనేపదం, ఉత్తమపురుష ఏకవచనం. "నేను విడివడుదును గాక" అని. యజామహే బహువచనం, ముక్షీయ ఏకవచనం. యజించేది అందరూ కలిసి, కోరుకునేది ఎవరికి వారు. అనువాదాల్లో రెండింటినీ "మేము" చేసేస్తారు, అది సరికాదు.

అయితే #2 గారు దాటేసిన ఒక చిక్కుంది. సాయణుడు ఋగ్వేద భాష్యంలో ఇక్కడ "ఆ అమృతాత్" అని తీసుకుని, సాయుజ్య మోక్షం దాకా అని అర్థం చెప్పాడు. హద్దును చెప్పే ఆఙ్‌తో పంచమి వస్తుంది కనక వ్యాకరణం ఒప్పుకుంటుంది. ముక్షీయకు "మోచయ", అంటే విడిపించు, అన్నాడు. 14వ శతాబ్దపు విజయనగరంలో కూర్చుని నాలుగు వేదాలకూ భాష్యం నడిపించిన మనిషిని తప్పు పట్టడం తేలిక కాదు. ఇంకొకటి, నిషేధార్థక "మా"తో మామూలుగా వచ్చేది లుఙ్ అనే భూతకాల రూపం (మాఙి లుఙ్ అని పాణిని సూత్రం), ముక్షీయలో ఉన్న లిఙ్ కాదు. "మా" అంటే వద్దు అనేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి.

#4 · శ్రౌతగోదావరి

సమాధానం శుక్లయజుర్వేదంలో దొరుకుతుంది. వాజసనేయి సంహిత 3.60లో ఈ మంత్రం వెంటనే దీని జంట ఉంది:

త్ర్యంబకం యజామహే సుగంధిం పతివేదనమ్
ఉర్వారుకమివ బంధనాదితో ముక్షీయ మాముతః

ఇది పెళ్ళికాని ఆడపిల్లలు చెప్పేది. పుష్టివర్ధనం స్థానంలో పతివేదనం, భర్తను సమకూర్చేవాడు. మృత్యోః స్థానంలో ఇతః, ఇక్కడి నుంచి. అమృతాత్ స్థానంలో అముతః, అక్కడి నుంచి. "ఇక్కడి నుంచి విడివడుదును గాక, అక్కడి నుంచి కాదు." యజ్ఞకర్మలను వివరించే శతపథ బ్రాహ్మణం (2.6.2) దీనికి అర్థం కూడా చెప్పింది: ఇతః అంటే పుట్టింటివారి నుంచి, మా అముతః అంటే భర్త దగ్గర నుంచి కాదు. ఇక్కడ "ఆ అముతః" అని పెట్టి "అత్తవారింటి దాకా విడివడుదును" అంటే పొసగదు.

అథర్వవేదం 14.1.17 ఇంకా తేటగా ఉంది. అదే పెళ్ళి సందర్భం, అదే దోసపండు, చివర "ప్రేతో ముంచామి నాముతః". అక్కడ మా కూడా కాదు, ఏకంగా "న". వివాహసూక్తంలోనూ (ఋ. 10.85.25) "ప్రేతో ముంచామి నాముతః" అనే ఉంది. ఇక్కడి నుంచి విడిపిస్తున్నాను, అక్కడి నుంచి కాదు అని.

అంటే ఇది వేదంలో ఒక అచ్చు: దీని నుంచి అవును, దాని నుంచి కాదు. అదే అచ్చులో మృత్యువు, అమృతం పడ్డాయి. లుఙ్ సంగతికొస్తే, "మా" తరవాత క్రియ అధ్యాహారం, అంటే పైకి చెప్పకపోయినా మనం చేర్చుకోవాల్సింది. ముందు వచ్చిన ముక్షీయకు అది నేరుగా తగులుకోలేదు. మాముతఃలోనూ అంతే. సాయణుడిది వేదాంతపు పద్ధతిలో సాగే వ్యాఖ్య. ఆ పద్ధతిలో అది చెల్లుతుంది, కానీ మంత్రం పుట్టిన చోట అర్థం "మా"నే.

#5 · పల్నాటిపాఠకుడు

ధన్యవాదాలండీ. మరి మంత్రం పుట్టిన చోటు అన్నారు, అది ఏ కర్మ? అభిషేకం కాదా?

#6 · శ్రౌతగోదావరి

అభిషేకంలోకి తరవాత వచ్చింది. రుద్రంలో నమకం పదకొండో అనువాకం తరవాత "త్ర్యంబకం యజామహే", "యో రుద్రో అగ్నౌ", "తము ష్టుహి" అని వరసగా చదువుతాం కదా, అవి నమకంలోవి కావు, వేరే చోట్ల నుంచి తెచ్చి చేర్చినవి. నమకం సంహిత 4.5లో ఉంటే త్ర్యంబకం 1.8.6లో ఉంది.

అసలు చోటు చాతుర్మాస్యాల్లో (నాలుగేసి నెలలకు చేసే యాగాల్లో) మూడోదైన సాకమేధం, దాని చివర చేసే త్ర్యంబక హోమం. యజమాని ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఏకకపాల పురోడాశాలు (ఒక్కో మట్టిపెంకు మీద కాల్చిన పిండి రొట్టెలు), పైన ఒకటి ఎక్కువ. సంహితలో మాటే ఇది: "ప్రతిపూరుషమేకకపాలాన్నిర్వపత్యేకమతిరిక్తమ్". ఆ ఎక్కువది పుట్టబోయే సంతానం కోసమని శతపథం అంటుంది. ఒకే కొరివి తీసుకుని ఉత్తరంగా వెళ్ళి నాలుగుదారుల కూడలిలో చేస్తారు. స్రుక్కు (హోమపు గరిటె) ఉండదు. మోదుగాకు మూడు దళాల్లో మధ్య దళంతో హోమం. ఒక పురోడాశం ఎలుక కలుగు మట్టిలో పెట్టి "ఆఖుస్తే రుద్ర పశుః", ఎలుక నీ పశువు, దాన్ని తీసుకో, మా పశువుల జోలికి రాకు అన్నట్టు.

తరవాత ఇంటివాళ్ళు అగ్ని చుట్టూ మూడుసార్లు తిరుగుతూ చెప్పేది ఈ త్ర్యంబక మంత్రం. పెళ్ళీడు పిల్లలు పతివేదనం చెబుతూ తిరుగుతారు. పురోడాశాలను పైకి ఎగరేసి పట్టుకుంటారు. చివరికి వాటిని బుట్టలో పెట్టి చెట్టుకు కట్టి, "ఇదిగో నీ భాగం, దీన్ని దారి బత్తెంగా తీసుకుని మూజవత్ పర్వతం అవతలికి వెళ్ళు, ఎక్కుదించిన వింటితో" అని రుద్రుణ్ణి సాగనంపుతారు. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొస్తారు.

ఇది తెలిస్తే "పుష్టివర్ధనం" ఎందుకుందో అర్థమవుతుంది. ఇంటిల్లిపాదికీ పశువులకూ క్షేమం అడిగే కర్మ అది.

#7 · తైత్తిరీయం

త్ర్యంబక అన్న మాట కూడా అక్కడిదే. అంబకం అంటే కన్ను, మూడు కన్నులవాడు అని మనకు అలవాటైన అర్థం. బ్రాహ్మణాలు మాత్రం అంబికను రుద్రుడి చెల్లెలిగా చెబుతాయి. శతపథం "అంబికా హ వై నామాస్య స్వసా" అంటుంది, తైత్తిరీయ బ్రాహ్మణం శరదృతువే ఆయన సోదరి అంబిక అంటుంది. శరత్తులో జ్వరాలు ముదురుతాయి, సాకమేధం కూడా ఆ కాలానిదే. రెండర్థాలూ నిలుస్తాయి. ధ్యానానికి మూడు కన్నులు, కర్మకు అంబిక.

#8 · దోసపాదు

కాయ గురించి ఎవరూ మాట్లాడలేదు, అది చెబుతాను.

అనువాదాల్లో "కీరదోస" అని పెడుతున్నారు, అది పొసగదు. కీరా శాస్త్రీయనామం కుకుమిస్ సటైవస్. అది పండి పసుపెక్కినా తొడిమను అంటిపెట్టుకునే ఉంటుంది, కోయాల్సిందే. మంత్రం చెప్పేది తానే విడివడే కాయ గురించి. అది కుకుమిస్ మెలో జాతి: కర్బూజా, పగిలే దోసపండు, బుడమకాయ ఈ జాతివే. మన పప్పులో వేసే పసుపు దోసకాయ కూడా ఇదే జాతి.

కర్బూజా పాదు దగ్గర కూర్చుంటే స్పష్టంగా కనబడుతుంది. కాయ పండుతుండగా ఎథిలిన్ పెరిగి, తొడిమ కాయను పట్టుకున్న చోట ఒక పలచని పొర కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బయట చూస్తే తొడిమ చుట్టూ సన్నటి పగులు, వలయంలా. సగం దూరం పగిలినప్పుడు లాగితే కాస్త బలం కావాలి. పూర్తిగా పగిలాక బొటనవేలితో నొక్కితే చాలు, కాయ చేతిలోకి వస్తుంది, తొడిమ తీగకే ఉంటుంది. తొడిమ ఊడిన చోట నున్నటి గుంట మిగులుతుంది, రసం కారదు. పచ్చికాయను లాగితే తొడిమ చీరుకుని కాయతో పాటు వస్తుంది, ఒక్కోసారి తీగే తెగుతుంది. వాసన కూడా అప్పుడే. వలయం పగలని కాయకు కర్బూజా వాసన రాదు, ఊడే దశలోనే గుప్పుమంటుంది. సుగంధిం అన్నది రుద్రుడికి విశేషణమే, కాయకు కాదు, అయినా రెండూ ఒకే మంత్రంలో పడటం బాగుంది.

కాబట్టి అడిగేది చావు లేకుండా చెయ్యమని కాదు, పచ్చిగా లాగెయ్యకు అని. పండాక విడివడితే అభ్యంతరం లేదు.

#9 · వ్యాకరణంవీధి

#8 గారి చివరి వాక్యానికి పూర్తిగా ఒప్పుకోను. ఉపమ విడివడటం వరకే. "మృత్యువు నుంచి" విడివడటానికి పోలిక అది, ప్రాణం దేహం నుంచి విడివడటానికి కాదు. పూర్ణాయుర్దాయం అన్న భావం సంప్రదాయంలో ఉంది, అపమృత్యు పరిహారానికి వాడటం అందువల్లే. కానీ పదాల్లో ఉన్నది మృత్యోః ముక్షీయ. కీరా కాదన్న మాట మాత్రం బాగుంది. భాష్యకారులు కూడా బాగా పండినదే తొడిమ వదులుతుందనే చెబుతారు.

#10 · ఎడిసన్‌తెలుగు

అమెరికాలో యోగా క్లాసుల చివర దీన్ని మూడుసార్లు పాడిస్తారు, రోమన్ లిపి కాగితం చూసి. హ్రస్వ దీర్ఘాల గుర్తులుండవు. ఏవి తప్పక సరిచేయించాలి? స్వరం లేకుండా పాడితే దోషమా?

#11 · తైత్తిరీయం

కాగితం మీద దీర్ఘాలన్నిటికీ గీత పెట్టించండి: యజామహేలో జా, ఉర్వాలో వా, బంధనాన్‌లో నా, ముక్షీలో క్షీ, మా, తాత్. వీటిలో ఎక్కువగా కూలేవి రెండు. ముక్షీయను "ముక్షియ" అంటారు, మామృతాత్‌ను "మమృతాత్" అంటారు. రెండోది మరీ ప్రమాదం: మా పోయి "మమ" చెవిన పడుతుంది, అర్థం తిరగబడుతుంది.

మొదటి అక్షరం త్ర్య. త, ర, య మూడూ ఒకే దెబ్బలో పలకాలి. "త్రయంబకం" కాదు, "త్రంబకం" అంతకంటే కాదు. నోరు తిరగకపోతే "త్రి" అని మొదలుపెట్టి ఇ కారాన్ని కుదిస్తూ నాలుగైదు సార్లు అంటే కుదురుతుంది. త్ర్యంబకం తరవాత య ఉంది కనక వైదికులు అక్కడి సున్నాను మకారంగా పలకరు, ముక్కుతో పలికే యకారం చేస్తారు. మామూలు సాధకులు మకారమే పలికినా అర్థానికి ఇబ్బంది లేదు.

ఆపే చోటు: పుష్టివర్ధనమ్ దగ్గర ఒకసారి, చివర ఒకసారి. అంతే. బంధనాన్మృత్యోః అనేది సంధి, తకారం మకారం ముందు నకారమైంది. ఊపిరి చాలక అక్కడ ఆపాల్సి వస్తే "బంధనాత్" అని తకారంతో ఆపి, "మృత్యోః" దగ్గర ఎత్తుకోవాలి. "బంధనాన్" అని నకారంతో ఆపడం రెండు విధాలా చెడ్డది. ఎక్కువమంది చేసేది అదే.

స్వరం: మొదటి అక్షరమే పైకి లేస్తుంది. త్రి మీది ఉదాత్తం, ఇ కారం యకారమవ్వడంతో స్వరితంగా మారింది. క్షైప్రం అంటారు దాన్ని. అది పట్టుబడితే మిగతా వరస దారిలో పడుతుంది. ఉర్వారు మూడక్షరాలు కిందనే ఉండాలి, పాటగా పాడేవాళ్ళు సరిగ్గా అక్కడే పైకి తీస్తారు.

#12 · వ్యాకరణంవీధి

స్వరం లేకపోతే దోషమా అన్నదానికి పాణిని సూత్రాలున్నాయి. యజ్ఞకర్మలో ఏకశ్రుతి, అంటే అంతా ఒకే స్థాయిలో చెప్పడం, కానీ జపం, న్యూంఖం (ఓకారాలు చొప్పించి చదివే పద్ధతి), సామం మినహా (1.2.34). వేదపాఠంలో వికల్పం (1.2.36). సూత్రంలో జపమంటే యజ్ఞంలో మెల్లగా చెప్పే మంత్రాలు, ఇప్పటి మాల తిప్పే జపం కాదు. అయినా మాలతో చేసేవాళ్ళు గురువు దగ్గర స్వరం నేర్చుకోవడమే మంచిది. యోగా క్లాసులో అందరూ ఒకే స్థాయిలో, దీర్ఘాలు చెడకుండా చెబితే, తప్పు స్వరంతో పాడటం కంటే అదే నయం.

త్ర్యంబకం గురించి ఒక తమాషా. ఛందస్సు అనుష్టుప్పు, ఎనిమిది అక్షరాల పాదాలు నాలుగు, మొత్తం 32. లెక్కేయండి. మొదటి పాదం ఏడే. మూడో పాదం ఉర్వారుకమివ బంధనాత్ తొమ్మిది. మొత్తం మాత్రం 32కు సరిపోయింది! మొదటి పాదానికి ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి "ఇయాదిపూరణః" సూత్రం పట్టి "త్రియంబకం" అని లెక్క పూడుస్తారు, గాయత్రిలో వరేణ్యంను వరేణియంగా లెక్కించినట్టే. లెక్కకే సుమా, పలకడానికి కాదు. కాళిదాసు అయితే కుమారసంభవం మూడో సర్గలో "త్రియంబకం సంయమినం దదర్శ" అని రాసేశాడు. దాన్ని "త్రిలోచనం" అని దిద్దినవాళ్ళను ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మన మెదక్ కొలిచెలమ మల్లినాథుడు సాహసికులన్నాడు.

#13 · పల్నాటిపాఠకుడు

"ఓం హౌం జూం సః" అని ముందూ వెనకా చేర్చడం? జపసంఖ్య, హోమం గురించి కూడా.

#14 · శ్రౌతగోదావరి

ఆ బీజాలు వైదికం కావు, తంత్రం నుంచి వచ్చాయి. సంపుటి అంటారు: ముందు హౌం జూం సః, తరవాత వ్యాహృతులు (భూః భువః స్వః), మంత్రం, మళ్ళీ వ్యాహృతులు తిరగేసి, సః జూం హౌం. ఉపదేశం ఉన్నవాళ్ళు చేస్తారు. రుద్రాభిషేకం నడుమ మాత్రం చేర్చకూడదు, సంహితాపాఠం మధ్యలో బీజం పడితే అది పాఠమే కాదు.

పురశ్చరణ (మంత్రసిద్ధికి నియమంగా చేసే జపం) లెక్క దశాంశం: పదివేల జపానికి వెయ్యి హోమం, వంద తర్పణం, పది మార్జనం, ఒక బ్రాహ్మణ భోజనం. హోమానికి నెయ్యి, నువ్వులు, మూడేసి గరికపోచలు, తిప్పతీగ ముక్కలు. తిప్పతీగకు అమృత అనే పేరుంది, అందుకే ఇక్కడ ప్రధానం. నాలుగంగుళాల ముక్కలు, ఆ పూటే కోసినవి. పచ్చివి నీరు కారి పొగబెడతాయి, కోశాక గంటసేపు ఆరనిచ్చి నేతిలో ముంచి వెయ్యాలి.

వేగం: స్వరంతో ఒక మంత్రానికి సుమారు పదిహేను సెకన్లు, 108కి దాదాపు అరగంట. పది నిమిషాల్లో అయిపోతోందంటే మంత్రానికి ఆరు సెకన్లు కూడా లేదు, దీర్ఘాలన్నీ మింగేస్తున్నట్టే.

#15 · ఎడిసన్‌తెలుగు

చివరి సందేహం. ముక్షీయ "నేను" అన్నారు. ఆస్పత్రిలో ఉన్న ఇంకొకరి కోసం జపం చేస్తే "ముక్షీష్ట" అని ప్రథమపురుషలోకి మార్చాలా? కొందరు రోగి పేరు మంత్రం మధ్యలో చొప్పిస్తున్నారు.

#16 · శ్రౌతగోదావరి

రెండూ వద్దు. మంత్రంలో అక్షరం మారదు. రోగి పేరు, గోత్రం, నక్షత్రం, "అపమృత్యు దోష పరిహారార్థం" అన్నవి సంకల్పంలో చెప్పండి, జపం అయ్యాక నీళ్ళు వదులుతూ ఫలం వారికి ధారపోయండి. "యజ్ఞంలో ఋత్విక్కులు ఏ ఆశీస్సు కోరినా అది యజమానిదే" అని శతపథంలోనే ఉంది. ఋత్విక్కు నోట "నేను" అన్నా అది ఎవరి కోసం సంకల్పం చెప్పారో వారికే చెందుతుంది. రోగికి స్పృహ ఉండి నోరు కదిలితే మాత్రం, వారి చేత ఒక్కసారైనా చెప్పించండి, ఆపేది పుష్టివర్ధనమ్ దగ్గరే.